ఆఖరి వాయిదా

2020 ఫిబ్రవరి, మాఘమాసం. తెనాలి దగ్గర మా ఊళ్లో కొత్తింటి గృహప్రవేశం. తెల్లవారుజామున పాలు పొంగాయి, వ్రతం అయింది. బంధువులు గదులన్నీ తిరిగి చూసి ‘వంటిల్లు ఇంకాస్త పెద్దదైతే బాగుండేది’ అన్న మాట కూడా అనేశారు. ఆ సందట్లో ఇల్లు కట్టిన మనిషి ఎక్కడా అని చూస్తే వరండా మెట్ల పక్కన, చెప్పుల దగ్గర నిలబడి ఉన్నాడు.

అమ్మ లోపలికి పిలిచి ఆయనకు పంచె, చొక్కా గుడ్డ, ఆయన భార్యకు చీర పెట్టింది. కళ్లకద్దుకుని తీసుకున్నాడు. బంతిలో కూర్చుని భోంచేశాడు. వెళ్తూ వెళ్తూ నాన్న దగ్గర ఆగి, “మాస్టారూ, మరి నాది...” అని సగంలో ఆపేశాడు.

“చూద్దాంలే మేస్త్రీ. ముందు ఆ బాత్రూము సంగతి తేల్చవయ్యా” అన్నాడు నాన్న. ఆయన తలూపి, స్కూటరు తీసుకుని వెళ్లిపోయాడు.

ఆ సగం మాట విలువ లక్షా నలభై నాలుగు వేల రూపాయలు. అది మా ఇంటి ఆఖరి వాయిదా. దాని లెక్క నాకు అర్థం కావడానికి మాత్రం ఐదేళ్లు పట్టింది.

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అంటారు. ఆ మాట కట్టించుకునేవాడి వైపు నుంచి పుట్టింది. కట్టేవాడి వైపు నుంచి సామెత ఏదైనా ఉందేమో అని వెతికాను, నాకైతే దొరకలేదు. కాంట్రాక్టరు అనగానే మనకు గుర్తొచ్చేది సిమెంటు తగ్గించేవాడు, ఇనుము మింగేవాడు. అలాంటివాళ్లు లేరని నేను అనను. ఉన్నారు. కానీ ఆ పని చేసే మనిషి రోజు ఎలా గడుస్తుందో, డబ్బు ఎటు నుంచి వచ్చి ఎటు పోతుందో మనలో ఎందరికి తెలుసు?

మా ఆయన... అదే, మా మేస్త్రీ విజిటింగ్ కార్డు మీద ‘బిల్డింగ్ కాంట్రాక్టర్ – ఇళ్లు, షాపింగ్ కాంప్లెక్సులు’ అని ఉంటుంది. ఊళ్లో మాత్రం అందరికీ మేస్త్రీయే. చిన్నప్పుడు తట్ట మోశాడు. తర్వాత తాపీ పట్టాడు. ముప్పయ్యేళ్లు రాకముందే సొంతంగా ఒక ఇల్లు ఒప్పుకున్నాడు. ప్రభుత్వ పనులు చేయాలంటే రిజిస్ట్రేషన్లు, క్లాసులు ఉంటాయి. మీ ఇల్లో, మా ఇల్లో కట్టడానికి అవేమీ అక్కర్లేదు. పిలిస్తే వచ్చే ముఠాలు ఉండాలి, నమ్మి డబ్బిచ్చే ఇంటాయన ఒకడు దొరకాలి. అంతే.

ఇంతకీ ఆయన చేసే పని ఏమిటి? పొద్దుటి నుంచి సాయంత్రం దాకా చూస్తే చేత్తో ఒక్క ఇటుక కూడా పెట్టడు. ఫోనులోనే ఉంటాడు. పునాదులు తవ్వేవాళ్లు, రాడ్ బెండింగ్ వాళ్లు, సెంట్రింగ్ వాళ్లు, కాంక్రీటు ముఠా, తాపీవాళ్లు, కరెంటు, ప్లంబింగు, వడ్రంగి, టైల్సు, రంగులు... ఇన్ని రకాల మనుషులను ఒకరి తర్వాత ఒకరిని, ఒకరి కాళ్లకు ఒకరు అడ్డం పడకుండా, అలాగని మధ్యలో ఖాళీ రోజులు పోకుండా తెచ్చి నిలబెట్టాలి. స్లాబ్ వేసే ముందే ఫ్యాను హుక్కులు, కరెంటు పైపులు పడాలి. ప్లాస్టరింగ్ అయ్యాక ‘అయ్యో, ఇక్కడ ఏసీకి పాయింటు పెట్టలేదే’ అని ఇంటావిడ అంటే మళ్లీ గోడ కొట్టాలి. ఆ కొట్టిన కూలి ఎవరిది? సగం తగాదాలు అక్కడే మొదలవుతాయి. మా ఇంట్లో అలాంటివి మూడు జరిగాయి. మూడూ మేం మనసు మార్చుకున్నవే. ఒక్కదానికీ మేం డబ్బివ్వలేదు.

మా ఒప్పందం సామాన్లతో సహా చదరపు అడుగుకి 1,500 రూపాయలు. 1,200 చదరపు అడుగులు. మొత్తం పద్దెనిమిది లక్షలు, ఏడు వాయిదాలు. అన్నీ ఒక తెల్ల కాగితం మీద ఇరవై లైన్లలో రాసుకున్నాం. నాన్న లెక్కల మాస్టారుగా రిటైరయ్యాడు కాబట్టి కూడికలన్నీ సరిగ్గానే ఉన్నాయి. లేనివల్లా లెక్కకు అందని సంగతులే.

స్లాబ్ రోజు చెప్పాలి. ఇంటి మొత్తంలో కాంట్రాక్టరుకు నిద్ర పట్టనిది ఆ ముందు రోజు రాత్రే. 2019 మే నెల. ఎండకు ముందే మొదలెట్టాలని ఆరింటికల్లా మిల్లరు తిరగడం మొదలైంది. దాదాపు నూట నలభై కట్టల సిమెంటు, ఆగకుండా సాయంత్రం దాకా. మధ్యలో ఆపితే పాత కాంక్రీటు బిగుసుకుంటుంది, కొత్తది దానికి అతకదు. సిమెంటుకు నీళ్లు తగిలిన అరగంట దాటితే బిగుసుకోవడం మొదలవచ్చు. అందుకే ఆ రోజు ముఠాలో ఎవరూ కూర్చోరు.

తొమ్మిదింటికి గొడవ వచ్చింది. మిల్లరు దగ్గర కుర్రాడు లెక్క తప్పి బకెట్టు మీద బకెట్టు నీళ్లు పోస్తున్నాడు. మేస్త్రీ పైనుంచి దిగి వచ్చి బకెట్టు లాక్కున్నాడు. ఆ తిట్లు నేను ఇక్కడ రాయలేను. నీళ్లు ఎక్కువైతే కాంక్రీటు పాయసంలా జారుతుంది. మోసేవాడికి తేలిక, పరిచేవాడికి తేలిక, పైన నున్నగా కూడా వస్తుంది. ఆ నీళ్లు ఆవిరైపోయాక లోపల మిగిలేవి సన్నని బోలు సందులు. బలం పోతుంది, వాన నీరు దిగుతుంది, లోపల చువ్వలు తుప్పు పడతాయి. మనం ఇళ్లకు వాడే ఎం20 కాంక్రీటును కొలతల మీద కలిపితే 50 కిలోల కట్టకు 30 లీటర్లకు మించి నీళ్లు వద్దని ఐఎస్ 456 ప్రమాణం చెబుతుంది. ఇసుకలో ఉన్న తడి కూడా ఆ లెక్కలోకే వస్తుంది. మేస్త్రీ ఐఎస్ 456 చదివాడో లేదో నాకు తెలియదు. కాంక్రీటు చేతిలోకి తీసుకుని పిడికిలి బిగించి చూస్తాడు, అంతే.

అసలు సంగతి ఏమిటంటే, అంతకు పది నిమిషాల ముందు మా చిన్నాన్నే ఆ కుర్రాడితో “మరీ గట్టిగా ఉందిరా, కాస్త నీళ్లు పొయ్యి” అన్నాడు. కుర్రాడు ఇంటివాళ్ల మాట కాదనలేకపోయాడు. తిట్లు వాడు తిన్నాడు. చిన్నాన్న టీ తాగుతూ ఊరుకున్నాడు.

స్లాబ్ అయ్యాక మూడు వారాలు మా అమ్మకు ఒకటే పని. స్లాబ్ మీద సిమెంటుతో చిన్న గట్లు పోసి మడులు కట్టి నీళ్లు నిలబెట్టారు, అవి ఇంకిపోకుండా చూడాలి. మామూలు సిమెంటుకు కనీసం వారం, ఫ్లైయాష్ కలిసిన పీపీసీకి కనీసం పది రోజులు తడపాలి. మండు వేసవి కదా అని మేస్త్రీ ఇంకా ఎక్కువే తడపమన్నాడు. కింద సరుగుడు బాదులు తొందరపడి తీయనివ్వలేదు. “బాదులకు రోజుకింత అద్దె అవుతోంది కదయ్యా” అని నాన్న అంటే “నా అద్దె మాస్టారూ, మీది కాదు” అన్నాడు.

ఇల్లు కట్టిస్తున్నవాళ్లకు పనికొచ్చే చిట్కా ఒకటి ఆయనే నాన్నకు నేర్పాడు. చువ్వ మందాన్ని మిల్లీమీటర్లలో తీసుకుని, దాన్ని దానితోనే గుణించి, 162తో భాగిస్తే మీటరు చువ్వ బరువు కిలోల్లో వస్తుంది. 12 ఎం.ఎం. చువ్వ అయితే మీటరుకు సుమారు 890 గ్రాములు. పన్నెండు మీటర్ల చువ్వ పది కిలోలా ఆరున్నర వందల గ్రాములకు అటూ ఇటూగా తూగాలి. మరీ తక్కువ తూగితే కొట్టువాడిని అడగండి. తనను పట్టుకోవడానికి పనికొచ్చే లెక్కను ఇంటాయన చేతిలో తానే పెట్టిన కాంట్రాక్టరు గురించి అప్పుడే ఆలోచించాల్సింది మేము. ఆలోచించలేదు.

జూన్ నుంచి కథ మారింది. ఆ ఏడాది ఆంధ్రప్రదేశ్‌లో ఇల్లు కట్టినవాళ్లకు మళ్లీ చెప్పనక్కర్లేదు. ఇసుక. ప్రభుత్వం మారింది, పాత విధానం ఆగింది, కొత్త ఇసుక విధానం సెప్టెంబరుకు గానీ రాలేదు. ఆగస్టు నుంచి కృష్ణకు వరదలు, రీచ్‌లన్నీ నీళ్లలో. ఇటుక కట్టుబడి అయిపోయిన మా ఇల్లు ప్లాస్టరింగ్ లేకుండా ఎర్రగా నిలబడింది. పని లేని తాపీవాళ్లు పొద్దున్నే అడ్డా మీదికి వచ్చి, పదింటిదాకా చూసి, ఇంటికి పోయేవారు.

మేం అద్దె ఇంట్లో ఉన్నాం. నెలకు ఐదు వేలు. నాన్న రోజూ సాయంత్రం ఫోన్ చేసేవాడు. “ఇవాళ కూడా రాలేదా?” అవతల మేస్త్రీ ఏదో సర్దిచెప్పేవాడు. ఆయన మీద కోపం తెచ్చుకోవడం మాకు సులువు. నదిమీద, ప్రభుత్వం మీద కోపం తెచ్చుకుంటే ఫోన్ ఎత్తేదెవరు? చివరికి ఎలా తెచ్చాడో, ఎంతకు తెచ్చాడో, అక్టోబరు చివర్లో ఇసుక వచ్చింది. మేం అడగలేదు, ఆయన చెప్పలేదు. రేటు ఒప్పుకున్నదే కదా అనుకున్నాం.

తర్వాత అంతా గబగబా సాగింది. ఆ గబగబాలోనే బాత్రూము వాలు తప్పింది. నీళ్లు జాలీ వైపు కాక తలుపు మూలకు చేరుతున్నాయి. తప్పు ఆయనదే, ఆయనా కాదనలేదు. టైల్సు ముఠాకు పాత బాకీ ఇస్తే గానీ వాళ్లు మళ్లీ రారు. నాన్న ఆఖరి వాయిదా ఇస్తే గానీ ఆయన వాళ్ల బాకీ తీర్చలేడు. వాలు సరిచేస్తే గానీ నాన్న ఇవ్వడు. ఇలా ఉండగానే 2020 మార్చి 25 వచ్చింది. లాక్‌డౌన్.

వలస కూలీల నడక అందరం టీవీల్లో చూశాం. మే 1న దేశంలో మొదటి శ్రామిక్ రైలు బయల్దేరింది మన లింగంపల్లి నుంచే. జార్ఖండ్‌లోని హటియాకు, సుమారు 1,200 మందితో. అందులో చాలామంది కందిలో ఐఐటీ హైదరాబాద్ భవనాలు కడుతున్నవాళ్లు. అంత పెద్ద ప్రాజెక్టు సంగతే అలా ఉంటే, మా మేస్త్రీ సెంట్రింగ్ ముఠాలో ఒడిశా వాళ్లు ఆరుగురు ఉన్నారని ఎవరికి తెలుసు? సగం కట్టిన ఒక కాంప్లెక్సు కింద గదిలో ఉండిపోయారు. వాళ్ల బియ్యం, పప్పు, గ్యాసు ఆయన మీదే. ఏప్రిల్లో ఫోన్ చేసి, ముందు అమ్మ ఆరోగ్యం, నాన్న బీపీ గురించి అడిగి, చివర్లో అన్నాడు: “ఒక్క యాభై వేలు సర్దుతారా మాస్టారూ? వాలు నేను చేయించే పెడతాను.” నాన్న యాభై పంపాడు. జూన్‌లో ఆయన మనిషిని తెచ్చి రెండు రోజుల్లో వాలు సరిచేయించాడు. అప్పుడు నాన్న డెబ్బై తొమ్మిది వేలు ఇచ్చాడు. మిగతా పదిహేను వేలు కోసుకున్నాడు. ఎందుకంటే ఇల్లు మూడు నెలలు ఆలస్యమైంది, మూడు నెలల అద్దె పదిహేను వేలు. కూడిక సరిగ్గానే ఉంది.

మేస్త్రీ ఆ డబ్బు లెక్కపెట్టుకుని “సరే మాస్టారూ” అన్నాడు.

ఈ శీర్షిక కోసం ఆమధ్య ఆయన్ను కలిశాను. ఇప్పుడు బజారు మెయిన్ రోడ్డు మీద రెండంతస్తుల దుకాణాల సముదాయం కడుతున్నాడు. ఇంటి పనికీ, వ్యాపార భవనానికీ తేడా ఏమిటని అడిగాను. నవ్వి, “ఇంటి దగ్గర తిట్లు ఎక్కువ, భోజనం ఎక్కువ. ఇక్కడ రెండూ లేవు, కాగితం ఉంది” అన్నాడు. ఆ కాగితం చూపించాడు. ఇంజినీరు డ్రాయింగులు, ఏ తేదీకి ఏ పని, ఆలస్యమైతే రోజుకింత కోత. కింద షాపు అప్పుడే అద్దెకు మాట్లాడుకున్నారు మరి, తాళం ఆలస్యమైతే ఓనరుకు అద్దె పోతుంది. ఇనుము రేటు ఇంతకు మించి పెరిగితే తేడా ఓనరుది. ప్రతి బిల్లులో 1 శాతం టీడీఎస్, 5 శాతం నిలుపుదల. ఆ నిలుపుదల డబ్బు పని అప్పగించిన ఏడాదికి, లోపాలేవీ బయటపడకపోతే, ఫలానా తేదీన ఇచ్చేస్తారు. అంటే ఇక్కడా డబ్బు ఆపుతారు. ఎంత ఆపుతారో, ఎన్నాళ్లు ఆపుతారో, దేనికి ఆపుతారో ముందే రాసి ఉంటుంది. మా తెల్ల కాగితంలో లేనిది అదే.

తర్వాత ఒక పాత నోటుపుస్తకం తీశాడు. పని పేరు మీద పేజీలు. మా ఇంటి పేజీలో నాన్న ఇంటిపేరు, పక్కన ‘మాస్టారు’ అని. శనివారం శనివారం బట్వాడా లెక్కలు, ఎవరికెంత అడ్వాన్సు. ఆఖర్లో పెన్సిలుతో వేసిన కూడిక. మా ఇంటి మీద ఆయన మొదట వేసుకున్న మిగులు లక్షా అరవై వేలు. పది నెలల అనుకున్న పనికి, పద్దెనిమిది లక్షల బాధ్యతకు. ఇసుకకు అదనంగా పడింది యాభై ఎనిమిది వేలు. పని ఆగిన నెలల్లో తాపీ ముఠా చెదిరిపోకుండా ఇచ్చిన అడ్వాన్సులు, వాటి కోసం నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన అప్పు, అన్నీ కలిపి ఇరవై రెండు వేలు. మిగిలేది ఎనభై వేలు.

ఇప్పుడు ఆఖరి వాయిదా లెక్క చూడండి. రావాల్సిన లక్షా నలభై నాలుగు వేలు రాకముందు ఆయనకు మిగిలింది సున్నా కాదు, సున్నాకు అరవై నాలుగు వేలు కింద. గృహప్రవేశం రోజు చెప్పుల దగ్గర నిలబడిన మనిషి డబ్బు అరవై నాలుగు వేలు మా గోడల్లో ఉంది. మేం ఆయనకు పంచె పెట్టాం.

“మరి ఇసుక సంగతి అప్పుడే ఎందుకు చెప్పలేదు?” అన్నాను.

“ఒప్పుకున్న రేటు కదమ్మా. చెబితే ఎగ్గొట్టే ఎత్తు అనుకుంటారు” అన్నాడు.

అందరు కాంట్రాక్టర్లూ ఈయనలా ఉంటారని చెప్పడం నా ఉద్దేశం కాదు. ఇంటివాళ్ల పరిస్థితీ తక్కువేం కాదు. జీవితమంతా దాచింది ఒకరి చేతిలో పోస్తారు. ఫ్లాటు కొంటే 2016 నాటి రెరా చట్టం ఉంది. సొంత స్థలంలో కాంట్రాక్టరుతో కట్టించుకునే ఇంటికి అది వర్తించదు. పని పాడుచేస్తే వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు, ఇంటి నిర్మాణం కూడా సేవే అని ఆ చట్టం స్పష్టంగా చెబుతోంది. మరి ఇంటాయన ఆఖరి వాయిదా ఎగ్గొడితే? మేస్త్రీకి ఉన్నది సివిల్ కోర్టు. నాలుగో పని చేతిలో ఉండగా, శనివారం బట్వాడా నెత్తిమీద ఉండగా, ఏ మేస్త్రీ లక్ష కోసం కోర్టు మెట్లెక్కుతాడు? “ఎన్ని ఇళ్ల ఆఖరి వాయిదాలు రాలేదు?” అంటే వేళ్లు మడిచి ఏడు దాకా లెక్కపెట్టి ఆపేశాడు. అందులో ఒకాయన ఇప్పటికీ పెళ్లిళ్లలో కనబడితే పలకరిస్తాడట.

నోటుపుస్తకం సంగతి నాన్నకు చెప్పాను. మాట్లాడలేదు. కాగితం తీసుకుని తానే మళ్లీ కూడి చూసుకున్నాడు. ఎనభై వేలలోంచి మేం కోసిన పదిహేను వేలు తీసేసి అరవై ఐదు అని కింద గీత గీశాడు. పది నెలలనుకున్నది ఏడాది పైనే పట్టింది కదా, పన్నెండుతో భాగించి చూసుకున్నాడు. ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

తమ్ముడి కోసం ఇప్పుడు పై అంతస్తు వేద్దామనుకుంటున్నాం. పిల్లర్ల మీద చువ్వలు అప్పట్లోనే వదిలించి, తుప్పు పట్టకుండా సిమెంటు పూత వేయించాడు మేస్త్రీ. వేరే ఇద్దరు కాంట్రాక్టర్లు తక్కువ రేటు చెప్పారు. నాన్న ఆయన్నే పిలిచాడు. బేరం మాత్రం మానలేదు. “2025 సెప్టెంబరులో సిమెంటు మీద జీఎస్టీ 28 నుంచి 18కి తగ్గిందిగా, రేటు తగ్గించు” అన్నాడు. “కూలి పెరిగింది మాస్టారూ, దాని మీద ఎవరూ తగ్గించలేదు” అన్నాడు ఆయన. అమ్మ రెండోసారి కాఫీ తెచ్చేసరికి ఒక రేటు దగ్గర ఆగారు.

ఈసారి కాగితం ఆయనే తెచ్చాడు. స్టాంపు పేపరు, దానికి నాలుగు పేజీలు. ఇసుక, ఇనుము రేట్లు ఎంత పెరిగితే ఎవరిది. మధ్యలో మనసు మార్చుకుంటే అదనం ఎంత. స్లాబ్ రోజు మిల్లరు దగ్గర ఇంటివాళ్లు ఎవరూ నిలబడరాదు. అది చదివి చిన్నాన్న గొంతు సవరించుకున్నాడు. ఆఖరి వాయిదా దగ్గర చేత్తో రాసిన వాక్యం ఒకటి ఉంది: ‘బాత్రూములలో మాస్టారు స్వయంగా నీళ్లు పోసి వాలు చూసుకున్న తర్వాత.’

నాన్న కళ్లజోడు పైకి తోసుకుని ఆ వాక్యం రెండుసార్లు చదివాడు. పెన్ను తీసి పక్కనే ‘అదే రోజు సాయంత్రం లోపల’ అని కలిపి, కింద సంతకం పెట్టాడు.